115 ఏళ్ళ 228 రోజులు

షార్లెట్ మిల్‌బర్న్ ఇంగ్లండు ఈశాన్య తీరంలోని హార్టిల్‌పూల్‌లో 1877 ఆగస్టు 1న పుట్టారు. తొలి వింబుల్డన్ పోటీలు ముగిసి అప్పటికి రెండు వారాలు కూడా నిండలేదు. రైట్ సోదరుల విమానం గాలిలోకి లేచేనాటికి ఆమెకు 26 ఏళ్ళు. 110 ఏళ్ళ వయసులో ఆమె ధ్వని కంటే వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానం ఎక్కి న్యూయార్క్ వెళ్ళారు. బడిలో పాఠాలు చెప్పిన ఈమె 63 ఏళ్ళకు గాని నోయెల్ హ్యూస్ అనే మాజీ సైనికాధికారిని పెళ్ళాడలేదు. అంత ఆలస్యంగా మొదలైన కాపురం కూడా 1979లో ఆయన పోయేదాకా, అంటే దాదాపు నాలుగు దశాబ్దాలు సాగింది. 1993 మార్చి 17న రెడ్‌కార్‌లో కన్నుమూసేనాటికి షార్లెట్ హ్యూస్ వయసు 115 సంవత్సరాల 228 రోజులు.

రోజులతో సహా ఇంత కచ్చితంగా చెప్పగలగడమే అసలు విశేషం. అదే ఇంగ్లండులో 1635లో చనిపోయిన థామస్ పార్ 152 ఏళ్ళు బతికాడని జనం నమ్మారు. రక్తప్రసరణను వివరించిన విలియం హార్వే అంతటివాడే శవపరీక్ష చేశాడు, వెస్ట్‌మినిస్టర్ అబ్బీలో సమాధి కట్టారు, కాని అతని పుట్టుకకు చిన్న కాగితం ముక్క కూడా లేదు. ఇంగ్లండులో పౌర జననాల నమోదు 1837లో మొదలైంది. పుట్టిన బిడ్డ వివరాలు తల్లిదండ్రులే నమోదు చేయించాలన్న నిర్బంధం 1875లో, అంటే షార్లెట్ పుట్టడానికి రెండేళ్ళ ముందు వచ్చింది. వయసు నిర్ధారించే పరిశోధకులు ఒక్క జనన పత్రంతో తృప్తిపడరు. పసితనంలో పోయిన అక్క పేరే చెల్లెలికి పెట్టి ఉంటే అక్క పుట్టిన తేదీ చెల్లెలి ఖాతాలో పడే ప్రమాదం ఉంది కనుక, జనాభా లెక్కలు, పెళ్ళి నమోదు వంటి వాటితో సరిపోల్చి చూస్తారు.

ఇక సంభావ్యత సంగతి. పెద్దవాళ్ళలో మరణించే అవకాశం నిర్ణీత కాలానికొకసారి రెట్టింపవుతుందని బీమా లెక్కల నిపుణుడు బెంజమిన్ గోంపెర్ట్జ్ 1825లోనే గమనించాడు. ఇప్పటి అంచనా ప్రకారం ఆ కాలం సుమారు ఎనిమిదేళ్ళు. అయితే 105 దాటాక ఈ పెరుగుదల ఆగి, ఏడాదికి దాదాపు సగానికి సగం దగ్గర నిలుస్తుందని ఇటలీ వృద్ధుల రికార్డులతో 2018లో వెలువడిన అధ్యయనం చెప్పింది. కొందరు గణాంకవేత్తలు దీన్ని ఒప్పుకోలేదు. ఆ సగమే నిజమనుకుంటే, 110 నుంచి 115కి చేరడమంటే నాణేన్ని ఐదుసార్లు ఎగరేసి ఐదుసార్లూ బొమ్మే తెచ్చుకోవడం: 32 మందిలో ఒక్కరికి దక్కే అదృష్టం. 110 దాకా వచ్చేవాళ్ళే బహు కొద్దిమంది, వాళ్ళలోనూ అత్యధికులు స్త్రీలు.

తన ఆయుష్షుకు నిజాయితీగా బతకడం, బైబిలులోని పది ఆజ్ఞలను పాటించడమే కారణమని షార్లెట్ చెప్పేవారు. పాటించి కూడా డెబ్బైకే పోయినవాళ్ళను ఎవరూ అడగరు గనుక ఇలాంటి జవాబులను సాక్ష్యంగా తీసుకోలేం. బ్రిటన్‌లో అందరికంటే ఎక్కువకాలం బతికిన వ్యక్తిగా ఆమె రికార్డు 32 ఏళ్ళు నిలిచి, 2025 ఏప్రిల్‌లో ఎథెల్ కేటర్‌హామ్ పేరుమీదకు మారింది. 1909లో పుట్టిన ఈమె 18వ ఏట మన దేశానికి వచ్చి, ఒక కుటుంబంలో పిల్లలను చూసుకునే ఆయాగా మూడేళ్ళు పనిచేశారు. ఈమె చెప్పిన రహస్యం మరొకటి: ఎవరితోనూ వాదించకపోవడం.