క్రేన్‌ను ఫోటో తీయబోయే పిల్లలకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కోకాపేటలో మీ బాల్కనీకి ఎదురుగా లేస్తున్న టవర్ల ఫోటోలు చూశాను. వాటిలో ఎత్తు కనిపించింది కానీ పని కనిపించలేదు. సూర్యుడికి ఎదురుగా తీయడం వల్ల క్రేన్లు నల్లటి గీతల్లా మిగిలిపోయి, ఏది దేన్ని మోస్తోందో తెలియకుండా పోయింది.

1930లో న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం కడుతున్నప్పుడు ఫోటోలు తీసే పని లూయిస్ హైన్‌కు అప్పగించారు. అంతకుముందు మిల్లుల్లో, గనుల్లో పనిచేసే చిన్నపిల్లల ఫోటోలు తీసి, బాలకార్మిక వ్యవస్థను అమెరికా కళ్లముందు పెట్టిన మనిషి ఆయన. 55 ఏళ్లు దాటిన వయసులో, భవనం అంచు నుంచి బయటకు వేలాడదీసిన బుట్టలో కూర్చొని కూడా ఫోటోలు తీశాడు. అప్పట్లో ఇప్పటి టవర్ క్రేన్లు లేవు. తాళ్లతో బిగించి నిలబెట్టిన డెరిక్‌లే, అంటే బరువులెత్తే స్తంభాలే, ఉక్కు దూలాలను పైకి లాగేవి. దూలాలను కలిపి బిగించే రివెట్ అనే ఉక్కు మేకును కొలిమిలో ఎర్రగా కాల్చి ఒకడు పటకారుతో విసిరితే ఇంకొకడు డబ్బాతో పట్టుకునేవాడు, మరో ఇద్దరు దాన్ని దూలంలోకి బిగించేవారు. హైన్ చూపు ఆ చేతుల మీద ఉండేది. దూలం మీద పదకొండు మంది వరుసగా కూర్చొని భోంచేస్తున్న ప్రసిద్ధ ఫోటోను కూడా చాలామంది ఆయన ఖాతాలోనే వేస్తారు. అది 1932లో రాక్‌ఫెల్లర్ సెంటర్ ప్రచారం కోసం తీయించినది, హైన్ తీసింది కాదు. అందులో ఎవరూ పనిచేయడం లేదు కనుక నాకు అంతగా నచ్చదు కూడా.

ఇక మీ ఎదుట ఉన్న క్రేన్ సంగతి. నిలువుగా ఉన్న జాలీ స్తంభం మాస్టు. పైన అడ్డంగా చాచిన పొడవాటి చేయి జిబ్, దాని మీద అటూ ఇటూ జరిగే ట్రాలీకే కొక్కెం వేలాడుతుంది. వెనకవైపు పొట్టి చేతికి బరువు సరితూగడానికి కాంక్రీటు దిమ్మెలు కడతారు. భవనం పెరిగే కొద్దీ క్రేన్ కూడా పెరగాలి కదా, ఆ పని అది తనకు తానే చేసుకుంటుంది. మాస్టు చుట్టూ తొడిగిన ఒక ఉక్కు చట్రంలోని హైడ్రాలిక్ జాకీ, ఆపరేటర్ క్యాబిన్‌తో సహా పైభాగమంతటినీ మెల్లగా ఎత్తుతుంది. ఏర్పడిన ఖాళీలోకి, క్రేన్ స్వయంగా కింది నుంచి తెచ్చుకున్న కొత్త మాస్టు ముక్కను పక్కనుంచి లోపలికి తోసి బోల్టులు బిగిస్తారు. అంతసేపూ రెండు వైపులా బరువు సరిగ్గా తూగాలి, జిబ్ తిరగకూడదు. గాలి తక్కువగా ఉన్న వేళే ఈ పనికి పూనుకుంటారు. పెరుగుతున్న భవనం ఫోటోలు ఎవరైనా తీస్తారు, పెరుగుతున్న క్రేన్‌ను పట్టుకోవాలంటే కనిపెట్టుకుని ఉండాలి.

తెల్లవారుజామున ఇంకో వింత దొరుకుతుంది. పని ముగిశాక జిబ్ తిరిగే బ్రేకును వదిలేస్తారు. గట్టి గాలికి అడ్డంగా నిలబడి క్రేన్ ఒత్తిడికి గురికాకుండా, జిబ్ గాలివాటానికి తిరిగిపోతుంది. అందుకే గాలి బాగా వీచిన మర్నాడు, పని మొదలుకాక ముందు లేచి చూస్తే, చుట్టుపక్కల క్రేన్లు దాదాపుగా ఒకే దిక్కుకు చూస్తుంటాయి.

ఫోన్‌ను పైకి వంచితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి, కాబట్టి ఎత్తుగా ఉన్న చోటు నుంచి నిటారుగా పట్టుకోండి. ఒకే చోటు నుంచి, జూమ్ మార్చకుండా తీస్తేనే ఒక వారానికీ మరో వారానికీ తేడా తెలుస్తుంది. సైటు లోపలికి మాత్రం అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు, డ్రోన్ మాట అసలే ఎత్తవద్దు.

భవనం మధ్యలో నిలబెట్టిన క్రేన్‌కు పని పూర్తయ్యాక దిగే దారి ఉండదు. అది పైకి ఒక చిన్న డెరిక్‌ను ఎత్తి పెడుతుంది, ఆ డెరిక్ క్రేన్‌ను ముక్కలుగా విప్పి దించుతుంది. తర్వాత అంతకంటే చిన్నది వచ్చి దాన్ని దించుతుంది. చివరిదాన్ని మనుషులే విడదీసి లిఫ్టులో తెచ్చేస్తారు. మీ టవర్లలో అలాంటిది ఉందేమో సెక్యూరిటీ వారినో ఇంజినీరునో మర్యాదగా అడిగి తెలుసుకొని, ఉంటే దించే తేదీ నాకూ రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య