శ్లాబు మీద మరక: అపోహలు - వాస్తవాలు

జూన్ సగం దాటి ఒడిశాలోని మా బరంపురంలో వానలు పట్టాయంటే నా ఫోను ఆగదు. "మేస్త్రీ గారూ, మొన్న ఠాకురాణి యాత్రకే కదా రంగులేయించాం, మళ్లీ అక్కడే మరకొచ్చింది!" ఏళ్ల తరబడి ఇదే మాట వింటున్నాను.

అపోహ: మరక ఎండిపోయింది, పుట్టీ పెట్టి రంగేస్తే సరి.

వాస్తవం: ఎండింది మరకే, నీళ్లు దిగే దారి అలాగే ఉంది. రెండేళ్లకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, వేసవి మొదట్లో జరుగుతుంది. అప్పటికి శ్లాబు పొడిగా ఉంటుంది కాబట్టి రంగు చక్కగా పట్టేస్తుంది. వానలు మొదలయ్యాక అదే చోట పసుపు వలయం, దాని అంచున ముదురు గోధుమరంగు. వలయం చుట్టూ మరో వలయం ఉందంటే నీళ్లు పలుమార్లు దిగాయన్నమాట. రంగు పూసిన ప్రతిసారీ ఆ గుర్తును మనమే చెరిపేస్తున్నాం. లోపల రాడ్డుకి మాత్రం చెమ్మ తగులుతూనే ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఇది మరీ తొందరగా జరుగుతుంది.

అందుకే నేను ముందు వెతికేది రాడ్డు వెంబడి తిన్నగా సాగిన పగులు, తుప్పురంగు చార. కనబడితే పక్కకు నిలబడి కర్రతో మెల్లగా తట్టండి. డొల్లగా మోగితే ఆ రాత్రే మంచం జరపండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లాక పర్లాకిమిడిలో మా పెద్దమ్మను చూడ్డానికి వెళ్లాను. ఆమె పడుకునే గదిలో శ్లాబుకి కొత్త రంగు. "ఏటా వేయిస్తున్నాను బాబూ, మరకే కదా" అంది. తడితే డొల్ల. మంచం బలవంతంగా హాల్లోకి మార్పించాను. పది రోజులు తిరక్కుండా ఆ గదిలో తట్టెడు పెచ్చులు రాలాయి. ఇప్పటికీ తలచుకుంటే గొంతు పట్టేస్తుంది.

మరక పైనే కన్నం ఉంటుందనుకోకండి. నీళ్లు కరెంటు పైపుల వెంట పాకి ఎక్కడో ఫ్యాను డబ్బా దగ్గర దిగుతాయి. అలా దిగితే ముందు ఆ గది కరెంటు ఆపండి. వాన లేకపోయినా తడి ఆరకపోతే పై బాత్‌రూము చూడాలి. కింద నుంచి నీళ్లు ఆపే కెమికల్ పూస్తే నీళ్లు పక్కకు తిరుగుతాయి, అంతే. పని డాబా మీదే చెయ్యాలి, ముఖ్యంగా తూముల దగ్గర, పిట్టగోడ అతుకు దగ్గర.

సన్నగీత చూసి నిద్ర మానేసే అక్కలూ అన్నలూ, ప్లాస్టరు ఆరేటప్పుడు వచ్చే వెంట్రుకవాసి గీతలు చాలామటుకు ప్రమాదం కావు. మరక అంచు చుట్టూ పెన్సిలుతో గీసి తేదీ వేయండి. వాన పడ్డాక మరక ఆ గీత దాటితే నీళ్లు దిగుతున్నట్టే, డాబా పని తెలిసినవాళ్లను పిలవండి. పని చేయించాక ఒక వానాకాలం చూసి, మరక గీత దాటకపోతే అప్పుడు రంగు వేయించుకోండి.