14 రోజుల లెక్క ఎక్కడిది?

మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గరైనా, జడ్చర్ల పక్కన బాదేపల్లి మార్కెట్ యార్డులోనైనా ధర ఎటు తిరుగుతుందన్న అంచనా సరుకు రాకను, తేమను, ఎగువ మార్కెట్ల కబురును బట్టి సాగుతుంది. అదే ఊళ్లలో డీమ్యాట్ (షేర్లు దాచుకునే) ఖాతా ఉన్న యువకులు ఇప్పుడు సెల్‌ఫోన్‌లో షేర్లను జల్లెడ పట్టే స్క్రీనర్ తెరిచి, ఆర్ఎస్ఐ (సాధారణంగా గత 14 రోజుల ధర పెరుగుదలను, తరుగుదలను పోల్చి 0–100 మధ్య చూపే కొలమానం) 30 దాటి పైకి వచ్చిన షేర్లను, 50 రోజుల సగటు ధర 200 రోజుల సగటును దాటిన షేర్లను నిమిషంలో వడకడుతున్నారు. ఈ అంకెలు ఎలా వచ్చాయని అడిగేవారు మాత్రం తక్కువ.

వడ్ల వ్యాపారం ఎరిగిన ప్రాంతానికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. చార్టుల్లో ధరల కదలికను చూపే కొవ్వొత్తి ఆకారపు క్యాండిల్ గీతలకు మూలం జపాన్ బియ్యం వ్యాపారమే. అక్కడి ఒసాకాలోని దోజిమా బియ్యం మార్కెట్‌కు 1730లో ప్రభుత్వ గుర్తింపు లభించింది. అమెరికాలో చార్లెస్ డౌ 1896లో 12 కంపెనీల షేర్లతో పారిశ్రామిక సూచీని ప్రారంభించి, ధరల పోకడను పెద్ద అల, చిన్న అల అని విడదీసి చూసే ఆలోచనకు దారి వేశాడు.

నేటి స్క్రీనర్లకు అసలు పునాది మాత్రం 1970ల చివరిది. మెకానికల్ ఇంజనీరుగా పనిచేసిన వెల్స్ వైల్డర్ 1978లో ప్రచురించిన ఒకే పుస్తకంలో ఆర్ఎస్ఐ, ఏటీఆర్ (ధర ఊగిసలాట ఎంతో చెప్పేది), ఏడీఎక్స్ (పోకడ బలం చెప్పేది), పారాబోలిక్ సార్ (పోకడ మలుపు చూపేది) అనే నాలుగు సూచికలను పరిచయం చేశాడు. ప్రతి సాయంత్రం కాగితం మీద లెక్క కట్టుకునే కాలం కనుక, నిన్నటి విలువ ఒక్కటి చేతిలో ఉంటే నేటి విలువ తేలిపోయేలా ఆయన తన సగటును అమర్చాడు. ఆర్ఎస్ఐకి వాడే 14 రోజుల లెక్క, ధర మరీ పెరిగిందనే 70, మరీ పడిందనే 30 అన్న హద్దులు అక్కడివే. అదే దశకంలో జెరాల్డ్ యాపెల్ రూపొందించిన, రెండు సగటుల తేడాను చూపే ఎంఏసీడీ 12, 26, 9 రోజుల లెక్కతో నడుస్తుంది. ఇవి అమెరికా మార్కెట్లను చూసి కుదుర్చుకున్న అంకెలే తప్ప ప్రకృతి నియమాలు కావు. మన యాప్‌లు వాటినే మార్చకుండా ముందుగా పెట్టి ఇస్తున్నాయి.

మన దేశంలో 1994లో ఎన్ఎస్ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి) స్క్రీన్ ట్రేడింగ్, 1996లో షేర్లను కాగితం లేకుండా ఖాతాలో ఉంచే డిపాజిటరీల చట్టం, 2000లో ఇంటర్నెట్ ట్రేడింగ్ వచ్చాక గాని ఈ పద్ధతి సామాన్యుడికి అందలేదు. 1943లో ఏర్పడిన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయేనాటికే వ్యాపారమంతా కంప్యూటర్ తెరల మీదికి మారిపోయింది.

సగటు అంటేనే గడచిన ధరలతో కట్టేది కనుక అది మలుపును ఆలస్యంగానే చూపుతుంది. 2020 మార్చి 23న 7,610 వద్ద ముగిసిన ఎన్ఎస్ఈ సూచీ నిఫ్టీలో 50 రోజుల సగటు 200 రోజుల సగటును దాటడానికి ఆగస్టు దాకా పట్టింది; ఆలోగా సూచీ దాదాపు సగం మేర పెరిగిపోయింది. ఆలస్యం తగ్గిద్దామని రోజుల సంఖ్య కుదిస్తే తప్పుడు సంకేతాలు పెరుగుతాయి, వాటి వెంట లావాదేవీలూ పెరుగుతాయి. 2022–23లో నగదు విభాగంలో (షేర్లనే నేరుగా కొని అమ్మేచోట) ఇంట్రాడే, అంటే ఒకే రోజు కొని అమ్మే వ్యాపారం, చేసిన వ్యక్తుల్లో పదిమందిలో ఏడుగురు నష్టపోయారనీ, ఏడాదికి 500కు మించి లావాదేవీలు చేసినవారిలో ఆ వాటా 80 శాతమనీ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో వెల్లడించింది.