పప్పు ఉడకనివ్వని నీళ్లు

మా అమ్మ మొదటిసారి హైదరాబాద్‌ వచ్చి మా ఇంట్లో పప్పు వండినప్పుడు ముందు కందిపప్పునే అనుమానించింది. పాత సరుకు అంటగట్టాడని కొట్టువాణ్ణి నాలుగు మాటలంది. తర్వాత కుక్కరు మీద పడింది. ఊళ్లో నాలుగు కూతలకు మెత్తబడే పప్పు ఇక్కడ ఎనిమిది కూతలకు కూడా బద్దలు బద్దలుగానే మిగిలింది. మర్నాడు అదే డబ్బాలోని పప్పును అదే కుక్కరులో, బోరు నీళ్లకు బదులు మంజీరా నీళ్లు పోసి పెట్టాను. వెన్నలా ఉడికింది.

మంజీరా నీళ్లనేది ఈ ఊరి అలవాటు మాట. కృష్ణా నుంచి వచ్చినా, గోదావరి నుంచి వచ్చినా చాలా ఇళ్లలో నల్లా నీటి పేరు మంజీరాయే. నది నీళ్లు ఎక్కువగా నేల మీద పారి జలాశయంలో చేరినవి. రాతితో వాటి స్నేహం తక్కువ. బోరు నీటి కథ వేరు. వాన నీరు మట్టిలోకి ఇంకేటప్పుడు, వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్‌ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపుతోనే బంజారాహిల్స్‌ గుట్టల్లో మనం చూసే గ్రానైటు పగుళ్లలోకి దిగుతుంది. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న ఆ రాతిలోని ఖనిజాల నుంచి, పైనున్న మట్టిలోని సున్నపు గడ్డల నుంచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుంటుంది. అక్కడ ఎంతకాలం నిలిస్తే అంత మూటగట్టుకుంటుంది. కఠిన జలం అంటే ఇదే. ట్యాంకరు తెచ్చేదీ చాలాసార్లు ఇంకొకరి బోరు నీళ్లే కనుక, డబ్బు పెట్టి కొన్నంత మాత్రాన కఠినత్వం తప్పదు.

తాగునీటిలో కఠినత్వం, కాల్షియం కార్బొనేట్‌ (సున్నపురాయిలో ఉండే పదార్థం) లెక్కన, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. వేరే దిక్కు లేకపోతే 600 వరకు ఒప్పుకుంటుంది. మధ్యస్థంగా 400 అనుకుందాం. రోజుకు 500 లీటర్లు వాడే ఇంట్లోకి ఆ లెక్కన 200 గ్రాముల రాయి కరిగిన రూపంలో వచ్చిపడుతున్నట్టే. నెలకు ఆరు కిలోలు! చాలా భాగం మోరీలో పోతుంది కాబట్టి బతికిపోయాం.

ఇక పప్పు సంగతి. బద్దలోని కణాలను పెక్టిన్‌ అనే జిగురు పట్టి ఉంచుతుంది. ఆ జిగురు కరిగితేనే పప్పు మెత్తబడేది. నీళ్లలోని కాల్షియం పోయి పెక్టిన్‌ పోగులను ఒకదానితో ఒకటి కుట్టేస్తుంది. ఇక ఎంత మంట పెట్టినా విడవడం కష్టం. చింతపండు రసం ముందే పోస్తే పప్పు ఉడకదని మన వంటిళ్లలో చెప్పే మాటా నిజమే, పులుపులో కూడా పెక్టిన్‌ గట్టిగానే ఉంటుంది. చిటికెడు తినే సోడా వేస్తే త్వరగా ఉడుకుతుంది గాని, పప్పులోని బి1 విటమిన్‌ దెబ్బతింటుంది. పప్పు వరకైనా రెండు బిందెల నల్లా నీళ్లు విడిగా పట్టుకోవడం నయం.

సబ్బుకూ ఇదే తిప్పలు. నురగ రావలసిన సబ్బు కాల్షియంతో కలిసి కరగని తెట్టుగా మారి బకెట్టు అంచుకు, కాలరుకు, తలకు అంటుకుంటుంది. జుట్టు పీచులా తయారవడానికి ఇది చాలు. జుట్టు ఊడిపోయేదే ఈ నీళ్ల వల్ల అని అనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. తాగే నీటి కఠినత్వానికి ఆరోగ్యపరంగా ఇంత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా పెట్టలేదు.

అయినా మనం భయపడేది టీడీఎస్‌ మీటరు అంకెను చూసి. అమ్మకానికి వచ్చిన కుర్రాడు గ్లాసులో పుల్ల ముంచగానే ఇల్లంతా హడలిపోతుంది. ఆ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుందే తప్ప అందులో కాల్షియం ఎంతో చెప్పదు. అపార్టుమెంట్లలో పెట్టే సాఫ్ట్‌నర్‌ కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. నీళ్లు మెత్తబడతాయి, మీటరు అంకె దాదాపు అలాగే ఉంటుంది. దాన్ని చూసి సాఫ్ట్‌నర్‌ పని చేయడం లేదని మా అసోసియేషన్‌ సమావేశంలో గంటసేపు గొడవ జరిగింది. అంతకన్నా మంచి పరీక్ష సీసాలో కాసిని నీళ్లు, నాలుగు సబ్బు తురుములు వేసి కుదపడం. నురగ నిలిస్తే మెత్తటి నీరు, తెల్లగా విరిగితే కఠిన జలం.

అన్నిటికన్నా ఖర్చు గీజరుది. చక్కెర, ఉప్పు వేడికి ఇంకా కరుగుతాయి. సున్నం మాత్రం వేడికి బయటపడుతుంది. నీళ్లు కాగేటప్పుడు వాటిలోని కార్బన్‌ డయాక్సైడ్‌ సగం ఎగిరిపోతుంది, కాల్షియం కార్బొనేట్‌ కడ్డీకి పొరలు పొరలుగా పట్టుకుంటుంది. ఆ పొర వేడిని నీళ్లకు సరిగ్గా చేరనివ్వదు, లోపల కడ్డీ మాడుతుంది. గీజరు సన్నగా బుసలు కొడుతోందంటే సున్నం పట్టిందని అనుమానించాలి.

మాది బుస కొట్టీ కొట్టీ పోయిన సంక్రాంతికి ఆగిపోయింది. మెకానిక్‌ కడ్డీని బయటికి లాగితే చిటికెన వేలంత ఉండవలసింది బొటనవేలంత ఉంది. గోటితో గీకితే కోడిగుడ్డు పెంకులా పెళుసుగా రాలింది. పోలిక ఊరికే కాదు, పెంకులోదీ అదే పదార్థం. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు వేడినీళ్లలో కలిపి అందులో ముంచాం. సుయ్యిమని నురగ లేచింది. బోరు నీరు మోసుకొచ్చిన కార్బన్‌ డయాక్సైడ్‌లో గీజరు వదిలించలేకపోయిన మిగతా సగం అది. అరగంటకు రాగి రంగు కనబడింది.

“ఆరు నెలలకు మళ్లీ పిలవండి సార్‌,” అన్నాడు మెకానిక్‌, పానా సర్దుకుంటూ.