మెమోలో సందు పేపర్లు: ఓరుగల్లు డిగ్రీ చదువులోకి ప్రపంచం వచ్చిన దారి

డిగ్రీ మార్కుల మెమో బయటికి తీసి చూడండి. ఎకనామిక్స్, కెమిస్ట్రీ, కామర్స్ లాంటి పెద్ద పేర్ల సందున తక్కువ మార్కుల పేపర్లు రెండు మూడు ఉంటాయి. కొన్నేళ్ల కింద కాకతీయ యూనివర్సిటీ పరిధిలో చదివినవారికైతే అవి ఇండియన్ హెరిటేజ్ అండ్ కల్చర్, సైన్స్ అండ్ సివిలైజేషన్, ఈవీఎస్ (పర్యావరణ విద్య). ఆ తర్వాతి తరం పిల్లలకు ఏఈసీసీ (సామర్థ్యం పెంచే తప్పనిసరి కోర్సు), ఎస్‌ఈసీ (నైపుణ్య కోర్సు), జీఈ (వేరే సబ్జెక్టు నుంచి ఎంచుకునే కోర్సు). వాటికి క్లాసులు జరిగాయో లేదో చాలామందికి గుర్తుండదు. పరీక్ష ముందు రోజు రాత్రి గైడు తిరగేసిన సంగతి మాత్రం గుర్తుంటుంది. నేనూ అలా పాసైనవాణ్నే.

ఇప్పుడు గ్లోబల్ లెర్నింగ్ అనే మాట వచ్చి ఆగింది ఈ సందు పేపర్ల దగ్గరే. ఏ గ్రూపు తీసుకున్నా అందరూ కలిసి చదవాల్సిన భాగం, అంటే జనరల్ ఎడ్యుకేషన్, ప్రపంచాన్ని కలుపుకొని సాగాలన్నది ఆలోచన. దేశాల రాజధానులు బట్టీ పట్టడం ఇందులోకి రాదు, ఐఈఎల్‌టీఎస్ కోచింగూ రాదు. ఎక్కడో జరిగిన నిర్ణయానికీ మన ఇంటి లెక్కకూ ఉన్న లంకె పట్టుకోవడం, అవతలివాడి వైపు నిలబడి కూడా చూడగలగడం దీని సారం.

జనరల్ ఎడ్యుకేషన్ అన్న పద్ధతి బాగా వేళ్లూనింది అమెరికాలో. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే, 1919లో, కొలంబియా కాలేజీ విద్యార్థులందరికీ ‘సమకాలీన నాగరికత’ పేరుతో ఒక కోర్సు పెట్టింది. రెండో యుద్ధం ముగిసిన 1945లో హార్వర్డ్ ఇదే విషయం మీద పెద్ద నివేదిక వేసింది. యుద్ధం వచ్చిపోయాకే అందరికీ ఉమ్మడి చదువు గుర్తుకు రావడం గమనించదగ్గ సంగతి. అయితే అప్పటి ‘ప్రపంచం’ దాదాపుగా యూరప్, అమెరికాలే. ఆ గీత దాటాలన్న పట్టుదల ఈ శతాబ్దంలోనే గట్టిపడింది. అక్కడి కాలేజీలు, విశ్వవిద్యాలయాల సంఘం గ్లోబల్ లెర్నింగ్‌ను కొలవడానికి ఆరు అంశాల కొలబద్ద కూడా తయారు చేసుకుంది.

మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. 1918లో మొదలైన ఉస్మానియాలో బోధన ఉర్దూలో. అందుకోసమే హైదరాబాద్‌లో అనువాద విభాగం పెట్టి ప్రపంచ శాస్త్రాలను ఉర్దూలోకి దింపారు. అంత పెద్ద ప్రయత్నం భారతీయ భాషల్లో అరుదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే ఓరుగల్లు పిల్లవాడికి ఆ ప్రపంచం మరో పరాయి భాష గుండా వచ్చింది. ఇక అందరూ చదవాల్సిన భాగంలో ఇంగ్లిషుతో పాటు ముస్లిం విద్యార్థులకు మతశాస్త్రం, మిగతావారికి నీతిశాస్త్రం ఉండేవి.

స్వాతంత్ర్యం వచ్చాక రాధాకృష్ణన్ కమిషన్ (1948-49) డిగ్రీలో జనరల్ ఎడ్యుకేషన్ ఉండాలని గట్టిగానే చెప్పింది. కానీ దేశానికి అప్పుడు కావాల్సింది ఇంజనీర్లు, డాక్టర్లు. వరంగల్‌కు 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, అంటే ఆర్‌ఈసీ వచ్చింది, శంకుస్థాపనకు నెహ్రూ వచ్చారు. కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చిందీ అదే ఏడు. ఉస్మానియా పీజీ సెంటర్‌గా మొదలైనది 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమైంది. ఊళ్లో చదువులు పెరిగాయి. ఉమ్మడి చదువు సంగతి మాత్రం పాఠ్యప్రణాళికలో ఓ మూలకు పోయింది. హనుమకొండలో చదువుకుని, స్పానిష్‌తో సహా ఎన్నో భాషలు నేర్చిన పి.వి. నరసింహారావు మానవ వనరుల మంత్రిగా ఉండగానే 1986 జాతీయ విద్యా విధానం వచ్చింది. ఆయన నేర్చుకున్న తీరులో పదోవంతైనా మన డిగ్రీల్లోకి దిగి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంటుంది.

ప్రపంచం పేరు చెప్పి అందరికీ తప్పనిసరి అయిన పేపరంటే పర్యావరణ విద్యే. అది వచ్చింది కోర్టు నుంచి. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది, అమలు జరగలేదని 2003లో మళ్లీ గట్టిగా అడిగింది. అప్పుడు యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ఆరు నెలల కోర్సు తయారు చేసి అన్ని డిగ్రీలకూ పెట్టించింది. ఓజోన్ పొర, గ్రీన్‌హౌస్ వాయువులు, వాతావరణ మార్పు మీద కుదిరిన క్యోటో ఒప్పందం, అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఏ విభాగానికీ చెందని పేపరు కాబట్టి వర్క్‌లోడ్ తక్కువున్న లెక్చరర్‌కు అప్పగించారు. వరంగల్ కాలేజీలకు గంటన్నర దూరంలో భూపాలపల్లి బొగ్గు గనులు, పక్కనే చెల్పూరు థర్మల్ కేంద్రం. క్యోటో పాఠాన్ని అక్కడికి తీసుకెళ్లి చెప్పిన క్లాసు నేనైతే చూడలేదు. ఆ కోర్సు రావడానికి కొన్నేళ్ల ముందే, 1997-98లో, అప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి పంట పురుగు పాలై, అప్పులు తీర్చలేక రైతులు పురుగుమందు తాగారు. విత్తనం, మందు, వడ్డీ, ప్రపంచ మార్కెట్ ధర, ఈ నాలుగింటి ముడి విప్పే పాఠం అంతకంటే ఏముంటుంది?

క్లాసులోకి రాకపోయినా ప్రపంచం ఊళ్లోకి వస్తూనే ఉంది. ఇవాళ్టి సంగతా అది? పదమూడో శతాబ్దంలోనే కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు లాక్కునేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో ఉంది. మామూలు సుంకం ముప్పయ్యో వంతు. బీకాం పిల్లలకు అంతర్జాతీయ వాణిజ్యం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. 1851 లండన్ మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలున్నాయి. ఆర్ట్స్ విద్యార్థులకు అదొక చక్కని కొస.

ఇటీవలి ఉదాహరణ కావాలంటే పత్తి అమ్మకాలు జరిగే వరంగల్ ఏనుమాముల మార్కెట్ ఉంది. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతులపై 11 శాతం సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తేసింది, గడువును తర్వాత డిసెంబరు చివరి దాకా పొడిగించింది. బట్టల మిల్లులకు అది ఊరట. సరిగ్గా పత్తి ఏరే కాలానికి రైతుకు టెన్షన్. ఇద్దరిదీ న్యాయమైన మాటే కాబట్టి తరగతిలో వాదించుకోవడానికి ఇంతకన్నా మంచి విషయం దొరకదు.

ఉత్తరాన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పోతే గల్ఫ్. డెబ్బైల్లో చమురు ధరలు పెరిగినప్పటి నుంచి సాగుతున్న వలస అది. అకామా (నివాస అనుమతి), కఫీల్ (వీసాకు పూచీ ఉండే యజమాని), కల్లివెల్లి లాంటి మాటలు అక్కడి ముసలమ్మలకు కూడా తెలుసు. యజమాని దగ్గర్నుంచి వెళ్లిపోయి కాగితాలు లేకుండా బతికేవాణ్ని కల్లివెల్లి అంటారు. ఆ మాట వెనక అరబ్బు దేశాల కార్మిక చట్టమంతా ఉంది. మన పొలిటికల్ సైన్స్ సిలబస్‌లో ఐక్యరాజ్యసమితి అంగాలు ఉంటాయి గానీ కార్మికుణ్ని యజమానికి కట్టిపడేసే ఈ కఫాలా పద్ధతి కనిపించదు.

2020 జాతీయ విద్యా విధానం గ్లోబల్ సిటిజెన్‌షిప్ ఎడ్యుకేషన్ అన్న మాటను పేరు పెట్టి మరీ రాసింది. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లయితే, తన సబ్జెక్టు కాని బహుళ విషయాల కోర్సులకు 9, విలువల కోర్సులకు 6 నుంచి 8. రాష్ట్రం దాన్ని ఎంతవరకు పాటిస్తుందన్నది వేరే చర్చ. రామప్పకు 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 2022లో వరంగల్ యునెస్కో లెర్నింగ్ సిటీల జాబితాలో చేరింది. పేర్లకు కొదవ లేదు.

అడగాల్సింది ఆ 9 క్రెడిట్ల పాఠం ఎవరు చెబుతారని. రెగ్యులర్ పోస్టు ఉండదు, గెస్ట్ లెక్చరర్‌కు గంట లెక్కన డబ్బు. టైంటేబుల్‌లో ముందు మెయిన్ సబ్జెక్టులు సర్దుతారు, ల్యాబులు సర్దుతారు, మిగిలిన ఆఖరి గంట ఈ పేపరుకు పోతుంది. ఆ గంటకే నర్సంపేట, పరకాల బస్సులు. పాస్ ఉన్న పిల్లలంతా అప్పటికే బస్టాండు దారి పట్టి ఉంటారు.