తీగ మీది మంచుకే ఆ పేరు: ఐస్ వైన్ తగువు వెనుక పదేళ్లు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కల్లు తాగేవారు ధర కంటే ముందు అడిగే ప్రశ్న ‘చెట్టు కల్లా, మందు కల్లా’ అన్నది. కెనడా, జర్మనీల్లో గడ్డకట్టిన ద్రాక్షతో చేసే తీపి ఐస్ వైన్ చుట్టూ మళ్లీ మళ్లీ రాజుకునే తగువు కూడా దాదాపు ఇలాంటిదే. కాకపోతే అక్కడ రెండో రకం తాగినవారికి ప్రాణభయమేమీ లేదు, పేచీ అంతా పేరు గురించే. ద్రాక్ష తీగ మీదే గడ్డకట్టాలా, కోసి తెచ్చి ఫ్రీజర్‌లో గడ్డకట్టించినా అదే పేరు పెట్టుకోవచ్చా అన్నది ప్రశ్న. చలికాలాలు వెచ్చబడుతున్న కొద్దీ ఈ ప్రశ్న ముదురుతోంది. 2019-20 చలికాలంలో అవసరమైన మైనస్ 7 డిగ్రీల చలి పడక, జర్మనీ చరిత్రలో మొదటిసారి దేశమంతటా ఐస్ వైన్ కోత లేకుండా పోయింది.

ఈ వైన్ మీద మోజు ఎందుకో తెలియాలంటే తయారీ చూడాలి. పండులోని నీరు గడ్డకడుతుంది, చక్కెర గడ్డకట్టదు. గడ్డకట్టిన పండును అలాగే పిండితే మంచు గానుగలో మిగిలిపోయి, తేనెలాంటి చిక్కటి రసం చుక్కలుగా దిగుతుంది. తీపితో పాటు పులుపు కూడా చిక్కబడటం వల్ల అది మొహం మొత్తదు. మామూలుగా వచ్చే రసంలో ఆరో వంతు కూడా దక్కదు కాబట్టే 375 మిల్లీలీటర్ల సన్నని సీసాకు అంత ధర. అప్పటిదాకా పంటను పిట్టల నుంచి, కుళ్లు నుంచి కాపాడుకుంటూ నెలల తరబడి తీగ మీదే ఉంచాలి. మంచి ధర కోసం బత్తాయిని చెట్టు మీదే ఆపి, గాలివానకు భయపడుతూ గడిపే నల్లగొండ రైతుకు ఈ గుబులు వేరే చెప్పనక్కరలేదు.

కెనడాలోని నయాగరా ప్రాంతంలో ఇన్నిస్కిల్లిన్ అనే వైన్ సంస్థ చలి కోసం తీగ మీదే ఉంచిన పంటను 1983లో పిట్టలు తినేశాయి. మరుసటి ఏడాది వలలు కప్పి, ఆ సంస్థ వైన్ తయారీదారు కార్ల్ కైజర్ విదాల్ రకం ద్రాక్షతో ఐస్ వైన్ తీశారు. 1989 పంటతో చేసిన వైన్‌కు 1991లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో జరిగే వినెక్స్‌పో వైన్ ప్రదర్శనలో అత్యున్నత పురస్కారం దక్కింది. చాలామంది ఈ పతకాన్నే మలుపంటారు. నా దృష్టిలో అసలు మలుపు ఆ తర్వాతి పదేళ్లు. పతకమిచ్చిన ఐరోపాయే ఆ వైన్ తన నిబంధనలకు లోబడదంటూ దిగుమతిని ఆపి, 2001లో గానీ తలుపు తెరవలేదు. ఈలోగా నయాగరా ఉన్న ఆంటారియో రాష్ట్రంలో 1988లో స్వచ్ఛందంగా మొదలైన వీక్యూఏ (వింట్నర్స్ క్వాలిటీ అలయన్స్) వైన్ నాణ్యతా ప్రమాణాలు 1999లో చట్టమయ్యాయి. ద్రాక్ష తీగ మీదే సహజంగా గడ్డకట్టాలి, మైనస్ 8 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లని వేళలో కోయాలి, రసంలో చక్కెర కనీసం 35 బ్రిక్స్ (అంటే బరువులో సుమారు 35 శాతం) ఉండాలి అన్న షరతులు ఆ పేరుకు కంచె అయ్యాయి. ఒక రుచికి పెట్టిన పేరు, రైతు మోసిన నష్టభయానికి గుర్తుగా మారింది అప్పుడే. 2014లో కెనడా ‘తీగ మీదే’ అన్న షరతును దేశమంతటికీ వర్తింపజేసింది. అమెరికా నిబంధనలు కూడా ఫ్రీజర్ సరుకుకు ఐస్ వైన్ పేరును ఒప్పుకోవు.

ఫ్రీజర్ వాడేవారి వాదన చిన్నది: ఎక్కడ గడ్డకట్టినా వేరయ్యేది నీరే, పైగా ధర సామాన్యుడికి అందుతుంది. అందులో నిజం లేకపోలేదు. అయితే తీగ మీద వారాల పాటు గడ్డకడుతూ, కరుగుతూ, మళ్లీ గడ్డకడుతూ ఉండే పండులో వచ్చే వాసనలు ఒక్క రాత్రి ఫ్రీజర్‌లో పెడితే రావని తోటల వారంటారు. వారి రెండో మాటకు ఎదుటి పక్షం నుంచి ఇంకా సూటి జవాబు రాలేదు: చలి రాని ఏడాది పంట మొత్తం పోగొట్టుకునేది తామైతే, ఆ పేరు మీద వచ్చే ధరలో ఫ్రీజర్ వారికి వాటా ఎందుకని.