చీము పట్టిన ప్రతి పుండూ ఒకటి కాదు

మామిడిపళ్ల రోజుల్లో పిల్లలకు సెగ్గడ్డలు లేస్తే "వేడి చేసింది" అనడం మనకు అలవాటు. ఆ పాపం పండుకు అంటగట్టడం న్యాయం కాదు. ఆ రోజుల్లోనే చెమట ఎక్కువ, చెమటకాయలు ఎక్కువ, గోకుడు ఎక్కువ. గోరు గీరిన చోట వెంట్రుక మొదట్లోకి దారి పడుతుంది. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాకు ఆ దారి చాలు. అదేమీ ఎక్కడినుంచో రావక్కర్లేదు. ఆరోగ్యంగా తిరిగేవాళ్లలో సుమారు 30 శాతం మంది ముక్కులో కాపురముంటుంది. ముక్కు నలిపిన వేలే దాన్ని మెడకు, చంకకు, తొడకు చేరుస్తుంది.

అది లోపలికి దిగిన కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిళ్లనే తెల్లరక్తకణాలు అక్కడికి చేరతాయి. అవి బ్యాక్టీరియాను మింగుతాయి, బ్యాక్టీరియా తన విషాలతో వాటిని చంపుతుంది. చచ్చిన కణాలు, వాటిలోంచి ఒలికిన ఎంజైములకు కరిగిపోయిన కండ, మిగిలిన బ్యాక్టీరియా, ఇవన్నీ కలిస్తే చీము. ఒక్కోసారి అందులో కనిపించే ఆకుపచ్చ ఛాయ న్యూట్రోఫిళ్లలోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైముది. చీము చుట్టూ ఫైబ్రిన్ అనే ప్రొటీన్ గోడ కడుతుంది. లోపల ఒత్తిడి పెరిగినకొద్దీ సలుపు పెరుగుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు.

ఈ గుంటలో రక్తనాళాలు ఉండవు కాబట్టి మింగిన మాత్ర అక్కడికి సరిగా చేరదు. అందుకే పండిన పెద్ద గడ్డకు మొదటి వైద్యం కోత. 2016లో అమెరికాలో 1,200 మందికి పైగా రోగులపై జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. చీము తీసేశాక ఉత్తుత్తి మాత్రలిచ్చినవాళ్లలోనూ దాదాపు 74 శాతం మందికి నయమైంది. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్లలో అది 80 శాతం. మందు కొంత మేలు చేసిన మాట నిజమే, ఎక్కువ మేలు మాత్రం కోతది.

గడ్డ ఇంకా గట్టిగా ఉంటే కోయకూడదు. శుభ్రమైన గుడ్డను చేయి ఓర్చుకోగల వేడినీళ్లలో ముంచి పిండి, 10–15 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు కాపడం పెట్టాలి. చిన్న గడ్డలు చాలావరకు ఇలాగే మొనకట్టి, పగిలి, మానిపోతాయి. సున్నం, బెల్లం కలిపి పట్టువేస్తే సున్నానికి చర్మం కాలుతుంది, పుండు రెండింతలవుతుంది. పిండడం అంతకంటే ప్రమాదం. ఫైబ్రిన్ గోడ పగిలి చీము పక్క కండలోకి పోతుంది. ముక్కు మీద, పైపెదవి మీద లేచిన గడ్డనైతే అసలు ముట్టుకోకూడదు. అక్కడి సిరలకు కంటి వెనక సిరల ద్వారా మెదడు అడుగున ఉన్న రక్తపు మడుగుతో సంబంధం ఉంది. అందులో చీముతో రక్తం గడ్డకడితే ప్రాణాపాయం.

రెండు వేళ్లు ఆనించి ఒక దానితో నొక్కితే రెండో వేలి కింద ఊగినట్టు తెలిసిందంటే గడ్డ పండినట్టే. మత్తు ఇంజెక్షన్ గడ్డలోకి చేస్తే చీములోని ఆమ్లం వల్ల సరిగా పనిచేయదు, కాబట్టి చుట్టూ ఉన్న మంచి చర్మంలోకి చేస్తారు. చర్మపు ముడతల వెంట, లోపలి గుంట పూర్తిగా తెరుచుకునేంత పొడవున కోస్తారు. తర్వాత మొద్దు మొన ఫోర్సెప్స్ లోపల తిప్పి అరల మధ్య పొరలను విడగొట్టి, సెలైన్‌తో కడుగుతారు. సూదితో పొడిచి కాస్త చీము తీసి వదిలేసే చోటే పొరపాటు జరుగుతుంది. బెజ్జం మర్నాటికి మూసుకుంటుంది, అరల్లో మిగిలిన చీము మళ్లీ నిండుతుంది. కోసిన గాయానికి కుట్లు వేయరు. అది అడుగు నుంచి పైకి మానుకుంటూ రావాలి.

జ్వరం ఉన్నా, చుట్టూ ఎరుపు పాకుతున్నా, గజ్జల్లోనో చంకలోనో బిళ్ల కట్టినా, షుగర్ ఉన్నా కోతతోపాటు యాంటీబయాటిక్ కూడా కావాలి. మామూలుగా 5–7 రోజులు చాలు. క్లోక్సాసిలిన్, సెఫలెక్సిన్ సాధారణంగా ఇచ్చేవి. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫిలోకాకస్‌కు ఇవి పనిచేయవు. డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్, క్లిండామైసిన్‌లలో ఏది పనిచేస్తుందో చెప్పేది చీములోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్షే. ఆ నమూనా కోసిన రోజే పంపాలి. డాక్సీసైక్లిన్‌ది టెట్రాసైక్లిన్ల కుటుంబం. అందులో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ పరిశోధనను నడిపిన రోజుల్లో.

మెడ వెనకో వీపు మీదో నాలుగైదు నోళ్లతో చీము కారే పెద్ద గడ్డ, అంటే రాచపుండు, లేచిందంటే ఆ రోజే రక్తంలో చక్కెర చూడాలి. తనకు షుగర్ ఉందని ఈ గడ్డతోనే తెలుసుకునేవాళ్లు ఎందరో. చక్కెర అదుపులో లేకపోతే న్యూట్రోఫిళ్లు మందగిస్తాయి, ఎంత బాగా కోసినా పుండు మానదు.

మానిన గడ్డ నెలనెలా తిరిగి వస్తుంటే ముక్కును శుభ్రం చేయాలి. 2 శాతం మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంట్ రెండు ముక్కురంధ్రాల అంచుల్లో రోజుకు రెండుసార్లు, 5 రోజులు. ఆ 5 రోజులూ 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక ద్రావణంతో స్నానం. తువ్వాళ్లు, దుప్పట్లు, దిండుగలీబులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఒక్కరే చేసి మిగతావాళ్లు మానేస్తే ఇంట్లోనే తిరిగి అంటుకుంటుంది.

స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ 1880లో గడ్డల చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, ద్రాక్షగుత్తుల్లా కూడుకున్న ఈ బ్యాక్టీరియాను గుర్తించాడు. అయితే ఎరుపు, వేడి, పోటు లేని చల్లటి గడ్డల్లో అవి ఆయనకు కనిపించలేదు. మన దగ్గర అలాంటి గడ్డ మెడ మీద లేస్తే ముందు అనుమానించాల్సింది క్షయను. లోపలి క్షయ బిళ్ల చీముపట్టి చర్మం దాకా వస్తుంది. సెగ్గడ్డ అనుకుని కోస్తే నెలల తరబడి కారే రంధ్రం మిగులుతుంది. పక్కన ఉన్న మంచి చర్మంలోంచి ఏటవాలుగా సూది పోనిచ్చి చీము లాగి, క్షయ పరీక్షకు పంపాలి. క్షయ అని తేలితే నయం చేసేది నెలల పాటు వాడే మందులే.

అసలు ఏ క్రిమీ లేకుండా చీము పట్టే జబ్బు ఒకటుంది, పయోడెర్మా గ్యాంగ్రినోసమ్. 1930లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఆ పేరు పెట్టారు. ఇది అరుదైనదే, కానీ పొరబడితే జరిగే నష్టం పెద్దది కాబట్టి వివరంగా చెప్పాలి. కాలి మీద చిన్న చీముపొక్కు లేస్తుంది. కొద్ది రోజుల్లోనే అరచేయంత పుండవుతుంది. అంచు వంగపండు రంగులో ఉబ్బి, లోపలికి తొలిచినట్టు ఉంటుంది. సన్నని పుల్ల పెడితే అంచు కిందికి దూరిపోతుంది. నొప్పి పుండు సైజుకు పొంతన లేనంత ఎక్కువ. కల్చర్‌లో పైపైన చేరిన బ్యాక్టీరియా ఏదో ఒకటి పెరుగుతుంది, దాన్ని చూసి మందు మార్చి మార్చి ఇస్తారు. తగ్గలేదని కుళ్లిన కండను కోసి శుభ్రం చేస్తారు. వారం తిరక్కుండా పుండు ఇంకా పెద్దదవుతుంది.

ఇక్కడ పిలవని చోటికి వచ్చి కండను కరిగిస్తున్నవి రోగి సొంత న్యూట్రోఫిళ్లే. వీళ్లలో 20–30 శాతం మందికి సూదిపోటో, కోతో, దెబ్బో తగిలిన చోటల్లా కొత్త పుండు లేస్తుంది. దాదాపు సగం మందిలో పేగుపూత, కీళ్లవాతం, రక్తకణాల జబ్బు లాంటివి వెనక ఉంటాయి. అందుకని ఎన్నాళ్లుగా విరేచనాల్లో రక్తం పడుతోందో, ఏ కీళ్లు వాస్తున్నాయో అడగకుండా ఈ పుండుకు వైద్యం మొదలుపెట్టకూడదు. మందు కిలో బరువుకు రోజుకు 0.5–1 మిల్లీగ్రాము ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, లేదా రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్. 2015లో బ్రిటన్‌లో ఈ రెండింటినీ పోల్చి చూస్తే ఆరు నెలలకు దేనితోనైనా మానింది సగానికి తక్కువ మందికే. అంటే ఓపిక పట్టాల్సిన జబ్బు. పైగా క్షయ పుండుకో, ఫంగస్ పుండుకో పొరపాటున స్టెరాయిడ్ ఇస్తే మంటమీద నూనె పోసినట్టే కాబట్టి, ముందు అంచు ముక్క తీసి పరీక్షించి తీరాలి.

నొప్పే లేని పుండు మరో రకం. షుగర్ వల్లో కుష్ఠు వల్లో అరికాలి నరాలు మొద్దుబారితే, చెప్పులోని మేకు గుచ్చుకున్నా తెలియక మనిషి నడుస్తూనే ఉంటాడు. కుష్ఠు రోగుల కాళ్లు వాటంతటవే కుళ్లిపోతాయన్న నమ్మకం తప్పని, స్పర్శ లేని కాలి మీద పడే ఒత్తిడే అసలు కారణమని తమిళనాడులోని వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ నిరూపించాడు. కాలికి పిండికట్టు వేసి పుండు మీద భారం తీసేస్తే, యాంటీబయాటిక్ లేకుండానే చాలా పుండ్లు మానాయి. మానిన కాలికి మైక్రోసెల్యులర్ రబ్బరు (సన్నని గాలిబుడగలుండే మెత్తటి రబ్బరు) చెప్పులు కావాలి. రోజూ 20–30 నిమిషాలు మామూలు నీళ్లలో కాళ్లు నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని గరుకురాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే నూనె రాసుకోవాలి. వేడినీళ్లు వద్దు, కాలినా ఆ పాదానికి తెలియదు.

చీలమండ లోపలి వైపు, ఉబ్బిన సిరల కింద లేచే పుండుకు కావలసింది బిగువైన కట్టు. చీలమండ దగ్గర 40 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి ఉండేలా కట్టి, పైకి వెళ్లేకొద్దీ వదులు చేస్తారు. అంతకు ముందు పాదంలో నాడి చూడాలి, చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చాలి. ధమని మూసుకుపోయిన కాలికి ఇదే కట్టు కడితే వేళ్లు నల్లబడతాయి. ఏళ్ల తరబడి మానని పుండు, కాలిన మచ్చలో లేచిన పుండు అంచు గట్టిపడి పైకి లేస్తుంటే క్యాన్సర్ కోసం ముక్క తీయాలి. ఆ ముక్కను మధ్యలోంచి తీస్తే చచ్చిన కండే వస్తుంది. మంచి చర్మం కాస్త కలిసేలా అంచు నుంచే తీయాలి.